శేషుడి పడగ, రాతి గోడ, గాలి లేని ఉప్పెన

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదు నుంచి విజయవాడ దాకా తెలిసింది. భూకంపం గురించి ఊళ్లో జనానికి ఎలా చెప్పాలి, పెద్దల మాటల్లో ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా బడిలో భూకంపం పాఠం మొదలుపెట్టగానే పిల్లలు "ఆదిశేషుడు భూభారాన్ని ఒక పడగ మీది నుంచి ఇంకో పడగ మీదికి మార్చుకుంటాడట, మా నాయనమ్మ చెప్పింది" అంటున్నారు. అది తప్పని చెప్పి పాఠం మొదలుపెట్టాలా?
– ఉపాధ్యాయురాలు, ములుగు జిల్లా

జవాబు: అక్కడ మాత్రం మొదలుపెట్టకండి. నాయనమ్మ మాట తప్పంటే పిల్లవాడు ఇంటికెళ్లి ఆ సంగతే చెబుతాడు. మీరు ఆ తర్వాత చెప్పే పనికొచ్చే నాలుగు ముక్కలు కూడా ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లవు. పైగా ఆ కథలో ఒక మంచి గుణం ఉంది. శేషుడు ఒక్కసారే కాదు, మళ్లీ మళ్లీ పడగ మార్చుకుంటాడు. అంటే ఒకసారి కదిలిన నేల మళ్లీ కదులుతుంది. "మన దగ్గర భూకంపాలు రావు" అనే చదువుకున్న వాళ్ల మాట కన్నా ఇది నిజానికి దగ్గరగా ఉంది. గోదావరి లోయ వెంట పాత పగుళ్లున్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1967 మార్చి 27న, ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో వచ్చింది.

జపాన్ వాళ్లకూ ఇలాంటి కథే ఉంది. అక్కడ నేల కింద ఉండేది పెద్ద వాలుగ చేప, అది కదిలితే భూమి కంపిస్తుంది. ఆ చేప వల్లే భూకంపం వస్తుందని ఇప్పుడు అక్కడెవరూ నమ్మరు. అయినా పెద్ద భూకంపం వస్తే మామూలు వాహనాలకు మూసేసే రోడ్ల బోర్డుల మీద ఆ చేప బొమ్మే వేస్తారు, చూడగానే సంగతి అర్థమవుతుంది కాబట్టి. శేషుణ్ణి మీరూ అలాగే వాడుకోవచ్చు. "భూమి ఎందుకు కదిలిందో రేపు సైన్సు పాఠంలో చెప్పుకుందాం. శేషుడు పడగ మార్చాడనుకో, ఆ క్షణంలో నువ్వేం చేస్తావు?" అని అడగండి. కారణం తర్వాత చెప్పినా పరవాలేదు, పని మాత్రం ముందు నేర్పాలి.

ఆ పని మూడు మాటల్లో ఉంది: వంగు, దూరు, పట్టుకో. మోకాళ్ల మీదికి వంగాలి, బల్ల కిందికి దూరాలి, బల్ల కాలు పట్టుకోవాలి. బల్ల జరిగితే దానితోపాటే జరగాలి. చాలా బడుల్లో పిల్లలు నేల మీద కూర్చుంటారు, దూరడానికి బల్లే ఉండదు. అలాంటి చోట బీరువాకీ కిటికీకీ దూరంగా, లోపలి గోడ పక్కన మోకాళ్ల మీద వంగి, రెండు చేతులతో మెడ వెనక భాగాన్ని కప్పుకోవాలి. పుస్తకాల సంచి తల మీద పెట్టుకుంటే ఇంకా మంచిది. సాధన చేయించేటప్పుడు మీరు "కదిలింది" అన్న దగ్గర్నుంచి ఆఖరి పిల్ల సర్దుకునే దాకా లెక్కపెట్టండి. పది అంకెల లోపు రావాలి.

సాధనలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. గంట కొట్టగానే అందరినీ వరండాలోకి పరుగెత్తిస్తారు. కదులుతున్నప్పుడు పెంకులు జారేది చూరు కిందే, తొక్కిసలాట జరిగేది మెట్ల దగ్గరే. కదలిక ఆగాకే వరసగా నడిచి బయటికి రావాలి.

ఇక ఇంటిపని. భద్రాచలం భూకంపం నాటికి పదేళ్లున్న వాళ్లు ఇప్పుడు అరవై దాటారు. పిల్లలచేత వాళ్లను అడిగించండి. "భూకంపం గుర్తుందా?" అంటే "ఆ, ఊగింది" అని ఊరుకుంటారు. వస్తువుల గురించి అడిగితే జ్ఞాపకం వస్తుంది. అటక మీది బిందెలు దొర్లాయా? ఏ గోడ పగిలింది, మధ్యలోనా మూలనా? పెంకులు ఎటు జారాయి? తర్వాత ఎన్ని రాత్రులు ఆరుబయట పడుకున్నారు? వచ్చిన ప్రతి జవాబుకూ ఇవాళ చేయాల్సిన ఒక పని జతచేయండి. బిందెలు దొర్లాయంటే మంచం తల వైపున్న అటక మీది బరువులు ఇవాళే కిందికి దించాలి. పెంకులు జారాయంటే చూరు కింద నిలబడకూడదు. మూల పగిలిందంటే ఆ మూలను మేస్త్రీకి చూపించాలి. ఆరుబయట పడుకున్నారంటే పెద్ద కుదుపు తర్వాత చిన్నవి వస్తాయని వాళ్లకు తెలుసన్నమాట.

ప్రశ్న: ఇండోనేషియాలో ఒక దీవి జనం పాట వల్ల సునామీ నుంచి బతికారని విన్నాం. మా మత్స్యకార గ్రామాలకు అలాంటి పాట కట్టించాలని యువజన సంఘం అనుకుంటోంది. ఆ పాటనే తెలుగులో చెప్పిస్తే సరిపోతుందా?
– శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి

జవాబు: మీ ఆలోచన చాలా మంచిది. అయితే ఆ పాటను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన తీరంలో ప్రాణాల మీదికి రావచ్చు. కాబట్టి ఈ జవాబు కాస్త పొడవుగా చెబుతాం.

ఆ దీవి పేరు సిమెలూ, సుమత్రాకు పడమట ఉంది. 1907 జనవరిలో అక్కడ భూకంపం, వెంటనే పెద్ద అల వచ్చి ఎంతోమంది పోయారు. బతికినవాళ్లు ఆ అలకు తమ భాషలో 'స్మాంగ్' అని పేరు పెట్టుకున్నారు. జోలపాటల్లో, తాతల కథల్లో, 'నాండాంగ్' అనే పాటల్లో ఆ పేరును దాచుకున్నారు. అందులో చెప్పేది ఒక్కటే వరస: నేల గట్టిగా ఊగింది, సముద్రం వెనక్కి పోయింది, ఇక కొండెక్కు. 2004 డిసెంబరు 26న అల ఆ దీవికి చేరడానికి సుమారు పది నిమిషాలే పట్టింది. ఏ హెచ్చరికా అందలేదు. దీవి జనాభా 78 వేల దాకా ఉంటే చనిపోయింది ఏడుగురు.

ఆ వరస అక్కడ పనిచేయడానికి కారణం, భూకంపం పుట్టే చోటు వాళ్ల కాళ్ల కిందే ఉంది. మనకు అది వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. 2004లో భూకంపం మన టైము ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు వచ్చింది. అల కోస్తాను తాకేసరికి రెండు గంటలకు పైగా పట్టింది. విశాఖలో, చెన్నైలో కొందరికి నేల కొద్దిగా కదిలినట్టు తెలిసింది, నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియలేదు. అంటే పాటలోని మొదటి గుర్తు, నేల గట్టిగా ఊగడం, మనకు ఉండకపోవచ్చు.

రెండో గుర్తు ఇంకా మోసం చేస్తుంది. ఆ భూకంపంలో సముద్రపు అడుగు ఒక పక్క లేచింది, ఇంకో పక్క కుంగింది. తూర్పున థాయ్‌లాండ్ వైపు వెళ్లిన అలకు ముందు పల్లం నడిచింది, అందుకే అక్కడ నీళ్లు వెనక్కి పోయి ఇసుక తేలింది. పడమటగా మన వైపు వచ్చిన అలకు ముందు మిట్ట నడిచింది. మన తీరంలో నీళ్లు ముందుగా పైకే వచ్చాయి, వెనక్కి లాగింది ఆ తర్వాతే. "సముద్రం వెనక్కి పోతే పరుగెత్తు" అని మాత్రమే నేర్పితే, వెనక్కి పోవడం కోసం చూస్తూ నిలబడతారు. కాబట్టి మీ పాటలో గుర్తులు ఇలా ఉండాలి: నీళ్లు ఆటుపోట్ల వేళ కాకుండా పైకి వచ్చినా, వెనక్కి పోయినా, సముద్రం ఎన్నడూ లేని హోరు పెట్టినా, ఫోనులోగానీ మైకులోగానీ హెచ్చరిక వచ్చినా. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటైనా చాలు. నాలుగూ కలిసి రావాలని చూడకూడదు.

ఇంకో చిక్కు మన మాటలోనే ఉంది. మన పల్లెల్లో సునామీని కూడా 'ఉప్పెన' అంటారు. ఉప్పెన అనగానే 1977 నవంబరు 19 దివిసీమ గుర్తొస్తుంది. ముందు గాలి, వాన, మబ్బు, రెండు మూడు రోజుల రేడియో హెచ్చరికలు. ఆ మాట వినగానే మనిషి తలెత్తి ఆకాశం చూస్తాడు. 2004లో ఆకాశం నిర్మలంగా ఉంది, ఆదివారం, వేటకు మంచి రోజు. అందుకని 'సునామీ' మాటను విడిగా ఉంచి, దాని పక్కనే "గాలి లేని ఉప్పెన" అని చేర్చండి. మూడు మాటల్లో తేడా తెలుస్తుంది, తుఫాను గురించి ఇప్పటికే ఉన్న జ్ఞానం చెడకుండా ఉంటుంది. తుఫానులో ఒకసారి సముద్రం పొంగి తగ్గితే ఇంటికి వస్తారు. సునామీలో మొదటి అలే పెద్దది కానక్కర్లేదు, గంటల తరబడి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చేపలు ఏరుకోవడానికో, వల తెచ్చుకోవడానికో మధ్యలో తిరిగి వచ్చినవాళ్లే ఎక్కువగా చిక్కుకుంటారు. "అధికారులు చెప్పేదాకా వల కోసం రాకు" అన్న చరణం తప్పక ఉండాలి.

ఎక్కడికి పోవాలో పేరు పెట్టి చెప్పండి. 'ఎత్తైన ప్రదేశం' అన్నది కాగితం మాట. మీ ఊళ్లో అది ఫలానా దిబ్బ, ఫలానా గుడి మెట్ట, స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు, లేదా గట్టి కాంక్రీటు భవనం పై అంతస్తు. ఒక ముసలమ్మ నడకతో అక్కడికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి ఆ అంకెను పాటలో పెట్టండి. వేటలో ఉన్నవాళ్లకు వేరే చరణం కావాలి. వంద బారల, అంటే సుమారు 180 మీటర్ల, లోతు దాటి ఉన్న పడవ అక్కడే ఉండాలి, రేవుకు రాకూడదు. ఆ లోతులో అల పడవను మెల్లగా ఎత్తి దించుతుంది, ప్రమాదమంతా గట్టు దగ్గరే. రేవులో కట్టి ఉన్న పడవను కాపాడటానికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు.

హెచ్చరిక వచ్చేది మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ నుంచే. ఇన్‌కాయిస్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. సముద్రంలో పెద్ద భూకంపం వచ్చాక సుమారు పది నిమిషాల్లో మొదటి బులెటిన్ ఇచ్చేలా దాన్ని ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి మీ వీధి చివరి ఇంటిదాకా కబురు ఎవరు చేరుస్తారన్నదే మీ సంఘం తేల్చుకోవాల్సిన పని. ఒడిశా తీరంలో వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలకు 2020లో యునెస్కో వారి 'సునామీ రెడీ' గుర్తింపు వచ్చింది. ఒడిశా తీరంలో నోలియాలంటే తెలుగు మూలాలున్న మత్స్యకారులే. ఊరి మ్యాపు, తరలే దారి బోర్డులు, ఏటా సాధన వంటివి పూర్తిచేస్తేనే ఆ గుర్తింపు ఇస్తారు. వెంకట్రాయ్‌పూర్ మీకు దగ్గరే, వెళ్లి చూసి రండి.

మీ జిల్లాల నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు మాత్రం సిమెలూ పాట అక్షరాలా వర్తిస్తుంది. అక్కడ నేల గట్టిగా ఊగుతుంది, వ్యవధి నిమిషాల్లోనే. ఇరవై సెకన్లకు మించి నేల ఊగితే ఫోను చూడకుండా మెట్ట ఎక్కాలి. ఈ సంగతి పండక్కి ఫోను చేసినప్పుడు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మా వైపు పాత ఇళ్లు మూరన్నర మందం రాతి గోడలు, పైన మట్టి మిద్దె. "తాతల నాటి గోడ, వందేళ్లుగా చెక్కు చెదరలేదు, సిమెంటు గోడల కన్నా గట్టిది" అంటారు యజమానులు. మేస్త్రీగా నాకు అనుమానం, కానీ వాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.
– తాపీమేస్త్రీ, నారాయణఖేడ్ ప్రాంతం

జవాబు: మీ అనుమానం నిజమే. మీ ప్రాంతానికి పొరుగునే ఉన్న మరాఠ్వాడాలో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు కిల్లారి భూకంపం వచ్చింది. 6.2 తీవ్రతే, ప్రపంచ లెక్కలో మధ్యరకం. అయినా దాదాపు 10 వేల మంది చనిపోయారు. చంపింది సరిగ్గా మీరు చెప్పిన ఇళ్లే: మట్టితో పేర్చిన మందపు రాతి గోడలు, వాటి మీద మట్టి కప్పు. కొన్ని ఇళ్లలో లోపలి కర్ర స్తంభాలూ దూలాలూ నిలిచే ఉన్నాయి, చుట్టూ గోడలు మాత్రం కుప్పకూలాయి.

కారణం గోడ మందంలోనే ఉంది. అంత మందపు గోడ నిజానికి ఒక గోడ కాదు, రెండు. బయటి ముఖానికి ఒక వరస, లోపలి ముఖానికి ఒక వరస, మధ్యలో చెత్తరాళ్లూ మట్టీ. నిలువు బరువును వందేళ్లు మోస్తుంది, అది నిజమే. పక్కకు ఊపితే మాత్రం మధ్యలోని రాళ్లు కిందికి దిగి, రెండు వరసల్నీ చెరో వైపుకు తోస్తాయి. యజమానికి ఇలా చెప్పండి: "ఈ గోడ లోపలి వరసకూ బయటి వరసకూ కొంగుముడి లేదు." గోడ అడ్డంగా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా వెళ్లే పొడవాటి రాయి ఆ కొంగుముడి. కిటికీ పక్కన గోడ మందం కనిపించే చోట చూపిస్తే ఆయనకే అర్థమవుతుంది. తూకం గుండు వేలాడదీసి, గోడ మధ్యలో ఎంత ఉబ్బిందో కూడా చూపించండి. వందేళ్లుగా చెదరలేదన్న మాటకు ఆ ఉబ్బే సమాధానం.

కొత్తగా కట్టే రాతి గోడ 45 సెంటీమీటర్ల మందం దాటకూడదు. ఎత్తులో ప్రతి 60 సెంటీమీటర్లకు ఒక వరస చొప్పున, అడ్డంగా 1.2 మీటర్లకు మించని దూరంలో కొంగుముడి రాళ్లు పెట్టాలి. పొడవు రాయి దొరక్కపోతే లోపల కమ్మీ వేసిన కాంక్రీటు దిమ్మెలు పోసి వాడొచ్చు.

ఉన్న గోడకూ మందుంది. సుమారు మీటరుకొకటి చొప్పున గుర్తులు పెట్టుకోండి. ఒక్కో చోట రాయిని గునపంతో మెల్లగా కదిలించి తీసి, గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా 75 మిల్లీమీటర్ల కన్నం చేయండి. రెండు చివర్లా కన్నం కాస్త వెడల్పుగా, డంబెల్ ఆకారంలో ఉండాలి. రెండు కొసల్లో కొక్కెం వంచిన 8 మిల్లీమీటర్ల కమ్మీ పెట్టి, 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) నింపి, పది రోజులు తడపండి. సుత్తితో బాదితే పక్క రాళ్లు వదులవుతాయి. పక్కపక్క కన్నాలు ఒకే రోజు చేసినా గోడ దిగుతుంది. ఒకటి విడిచి ఒకటి చేయండి.

తర్వాత మిద్దె బరువు సంగతి. వాన కారకుండా ఏటా చౌడు మట్టి పోస్తారు, పాతది తీయరు. అడుగు మందం పేరుకుందనుకుందాం. చదరపు మీటరుకు దాదాపు అరటన్ను, 3 మీటర్లు × 4 మీటర్ల గదికి ఆరు టన్నుల దాకా. నిద్రపోయే వాళ్ల తలల మీద ఆరు టన్నులు! ఈ లెక్కను యజమాని ముందే వేసి చూపించండి. మేం చూసినంతలో, గోడ గురించి వాదించేవాళ్లు కూడా ఈ అంకె విన్నాక మౌనంగా పైకి చూస్తారు. పాత మట్టిని జానెడు లోపుకు తగ్గించి, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి తిరిగి పోస్తే కారడం కూడా ఆగుతుంది. మట్టి తీసేటప్పుడు ఒకే పక్క నుంచి తీయకండి, దూలాలు మెలి తిరుగుతాయి.

మూడోది బెల్టు. గుమ్మాల పైన, ఇంటి చుట్టూ ఆగకుండా తిరిగే కాంక్రీటు పట్టీ. 75 మిల్లీమీటర్ల మందం, రెండు 8 లేదా 10 మిల్లీమీటర్ల కమ్మీలు, మధ్యలో 6 మిల్లీమీటర్ల అడ్డ కమ్మీలు 15 సెంటీమీటర్లకొకటి. ఇది ఇంటికి మొలతాడు. చుట్టూ తిరిగి ముడిపడితేనే మొలతాడు, తెగినది ఎక్కడో జారిపోతుంది. మేస్త్రీలు ఎక్కువగా చేసే తప్పు గుమ్మం పైన మాత్రమే లింటెల్ పోసి గోడ మీద ఆపేయడం, లేదా మూల దగ్గర రెండు కమ్మీలను తగిలించి వదిలేయడం. మూలలో కమ్మీ వంగి రెండో గోడలోకి కనీసం అర మీటరు పోవాలి. కాంక్రీటుకు వీలుకాని చోట కర్రతో కూడా చేయవచ్చు: 75 × 38 మిల్లీమీటర్ల రెండు బద్దలు, అర మీటరుకొక అడ్డ పుల్ల, నిచ్చెనను గోడలో పడుకోబెట్టినట్టు. కశ్మీరులో, హిమాచల్‌లో పాత ఇళ్ల గోడల్లో కనిపించే కర్ర పట్టీల పని ఇదే. పెద్దల పద్ధతిని గౌరవించడమంటే వాళ్లు కట్టిన ప్రతిదీ మంచిదనడం కాదు. భూకంపాలు తరచూ చూసిన చోటి పెద్దలు కర్ర పట్టీ పెట్టారు, చూడని చోటి పెద్దలకు ఆ అవసరం కనబడలేదు. మీ యజమాని తాతగారిని తప్పు పట్టకుండానే ఈ మాట చెప్పవచ్చు.

ప్రశ్న: ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు తుఫానునే కాదు, భూకంపాన్నీ తట్టుకుంటాయా?
– విశాఖపట్నం

జవాబు: ఆకారం మంచిదే. గుజరాత్‌లోని కచ్‌లో ఇలాంటి గుండ్రటి మట్టి ఇళ్లను 'భుంగా' అంటారు. 2001 జనవరి 26న 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు చుట్టూ రాతి ఇళ్లు పడిపోగా భుంగాలు చాలావరకు నిలిచాయి. గుండ్రటి గోడకు మూల లేదు, మూలలో మొదలయ్యే పగులుకు చోటే లేదు. పైన గడ్డి కప్పు తేలిక. గుమ్మం, కిటికీలు చిన్నవి, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఈ మూడూ ఉన్నంతవరకు చుట్టిల్లు మంచి ఉదాహరణే. తాటాకు తీసేసి అదే మట్టి గోడ మీద బరువైన కప్పు వేస్తే, గోడకు ఆనించి నలుచదరపు గది కలిపితే ఆ మేలు పోతుంది. చుట్టిల్లు చూపించి నేర్పేటప్పుడు "గుండ్రంగా కట్టండి" అనకండి, ఎవరూ కట్టరు. "పైన తేలిక, మూల గట్టి, కన్నాలు తక్కువ" అనండి. నలుచదరపు ఇంటికైనా అది పనికొస్తుంది.

ప్రశ్న: కుక్కలు మొరిగితే, చీమలు గుడ్లు మోసుకుపోతే భూకంపం వస్తుందంటారు. ఈ మాటను ప్రచారంలో వాడుకోవచ్చా?
– ఖమ్మం

జవాబు: వాడవద్దు. చైనాలోని హైచెంగ్‌లో 1975 ఫిబ్రవరిలో ముందుగా జనాన్ని తరలించగలిగిన మాట నిజం. జంతువుల వింత నడవడి గురించీ అక్కడ చెప్పుకున్నారు. అయితే అసలు పనికొచ్చిన గుర్తు ముందురోజు నుంచే మొదలైన చిన్న చిన్న కుదుపులు. మరుసటి ఏడు, 1976 జులై 28న, తాంగ్‌షాన్‌లో ఏ హెచ్చరికా లేకుండానే భూకంపం వచ్చింది, 2 లక్షల 40 వేల మందికి పైగా చనిపోయారు. కుక్కలు రోజూ మొరుగుతాయి, చీమలు వానకీ గుడ్లు మోస్తాయి. మూడుసార్లు ఉత్తి భయం అయ్యాక నాలుగోసారి ఎవరూ కదలరు. దానితోపాటు మీరు చెప్పిన మిగతా మాటలూ పోతాయి.

ప్రశ్న: భూమి కదిలితే ద్వారబంధం కింద నిలబడమని మా అమ్మమ్మ చెప్పేది. సరైనదేనా?
– గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మమ్మ ఇంటికి అది అర్థమున్న మాట. మట్టి గోడ ఇంట్లో అన్నిటికన్నా గట్టిది టేకు ద్వారబంధమే, కూలిన ఇళ్లలో అది ఒక్కటే నిలబడి కనిపించేది. మీరుండేది కాంక్రీటు అపార్ట్‌మెంట్ అయితే ఆ గుమ్మానికి ప్రత్యేక బలం లేదు, పైగా తలుపు ఊగి వేళ్లు నలుగుతాయి. గట్టి బల్ల కిందికి దూరండి, కదలిక ఆగేదాకా లిఫ్టూ మెట్లూ వద్దు. మంచం మీద ఉంటే అక్కడే బోర్లా తిరిగి దిండుతో తల కప్పుకోండి. మట్టి మిద్దె ఇంట్లో ఉండి, గుమ్మానికి రెండడుగుల్లో ఉండి, ఎదురుగా ఖాళీ వాకిలి ఉంటే మాత్రం వెంటనే బయటికి రావడమే మేలు.

ప్రశ్న: జాతరలో ఒగ్గుకథో బుర్రకథో పెట్టించి, దాంతోపాటు ఏదైనా చూపించాలని అనుకుంటున్నాం. ఎలా చేస్తే జనానికి గుర్తుంటుంది?
– స్వచ్ఛంద కార్యకర్త, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: చేయాల్సిన పనిని కథలో పెట్టకండి, వంతలో పెట్టండి. కథ మర్నాటికి కరిగిపోతుంది. వంత గాళ్లు ఇరవైసార్లు పలికిన మాట మాత్రం ఇంటిదాకా నోట్లో ఆడుతూ వెళుతుంది. ఒక కథకు ఒకే పని పెట్టండి. "వంగు, దూరు, పట్టుకో" ఒక రాత్రి చాలు. బెల్టు గురించి ఇంకో రాత్రి. కళాకారుడికి మీరు రాసిన ఉపన్యాసం ఇచ్చి చదవమంటే గొంతు చచ్చిపోతుంది. విషయం చెప్పి, మాట ఆయన్నే కట్టనివ్వండి. ఆఖర్న తప్పులుంటే దిద్దండి, ముఖ్యంగా "పరుగెత్తండి" అన్న మాట ఎక్కడైనా దూరిందేమో చూడండి.

చూపించడానికి ఊగే బల్ల మంచిది. నేపాల్లో రెండు నమూనా ఇళ్లను ఊగే వేదిక మీద పెట్టి, జనం ముందే ఊపి చూపించే పద్ధతి ఉంది. చిన్నది మీరే చేసుకోవచ్చు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్ ముక్క, దాని కింద అడ్డంగా నాలుగు పీవీసీ పైపు ముక్కలు, పక్కలకు జారిపోకుండా రెండు బద్దలు. దాని మీద జల్లించిన మట్టితో చేసిన వేలెడంత ఇటుకలతో రెండు బుల్లి ఇళ్లు, రెండూ ఒకే కొలత. ఒకదానికి గుమ్మం పైన వెదురు బద్దలు చుట్టూ వేసి మూలల్లో పురికొసతో ముడివేయండి. రెండోదానికి ఏమీ వద్దు. రెండింటి పైనా సమానంగా తడి మట్టి కప్పు.

ఇందులో చెడేవి మూడున్నాయి. మట్టి పూర్తిగా ఆరకపోతే రెండు ఇళ్లూ వంగుతాయేగానీ కూలవు. నీడన నాలుగు రోజులు ఆరనివ్వండి. ఇటుకల మధ్య సిమెంటు వాడితే రెండూ నిలుస్తాయి, చూపించడానికి ఏమీ ఉండదు. మూల ముడి వదులైతే బెల్టు ఇల్లు ముందు కూలుతుంది, జనం "బెల్టు దండగ" అనుకుని వెళ్లిపోతారు. అందుకే జాతరకు రెండు రోజుల ముందు ఒక జతను కూల్చి చూసుకోండి, కనీసం మూడు జతలు సిద్ధంగా ఉంచండి. ఊపడం మీరు చేయకండి, ఊళ్లో తెలిసిన మేస్త్రీచేత ఊపించండి. కూలింది ఎందుకో ఆయన నోటి నుంచే రావాలి, రేపు ఆ ఊళ్లో గోడ కట్టేది ఆయనే.

వారం తర్వాత అదే ఊరికి వెళ్లి, చూసినవాళ్లలో పదిమందిని రెండు ప్రశ్నలు అడగండి: నేల కదిలితే మొదట ఏం చేస్తారు? రెండు బొమ్మ ఇళ్లలో ఏది నిలిచింది, ఎందుకు? మొదటిదానికి జవాబు చెప్పమనకండి, చేసి చూపించమనండి. బల్ల కిందికి దూరిన వాళ్లు పదిమందిలో ఆరుగురి కన్నా తక్కువైతే వంత మార్చండి, కథను అలాగే ఉంచండి.